కావోరీకి ఒక దండకం

మన తాలింఖానాల్లో గోడ మీద ఆంజనేయుడుంటాడు. ఒళ్ళంతా సింధూరం, భుజాన గద. కుర్రాళ్ళు ఆయనకు దండం పెట్టి, గోదాలోని మట్టి తీసి జబ్బలకు రాసుకుని, తొడగొట్టి దిగుతారు. ఆయన మీది దండకం పలకా బలపం పట్టని పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఆ గోదాల్లోకి ఆడపిల్లకు మాత్రం ఎంతో కాలం ప్రవేశం లేదు. బరిలో చోటు లేనివాళ్ళకు పాటలో చోటెక్కడిది?

అందుకే ఇది నీకు, కావోరీ ఇచో. గణాలు తప్పితే మన్నించు. దేవుణ్ణయినా నువ్వు అని పిలిచే అలవాటు మాది. నిన్నూ అలాగే పిలుస్తాను.

జపాన్ పెద్ద దీవికి ఉత్తరపు కొసన అవొమొరి సీమ. అందులో పసిఫిక్ సముద్రాన్ని చూస్తూ హచినోహె రేవు. చేపల పడవలు, మంచు, ఉప్పుగాలి. 1984 జూన్ 13న అక్కడ పుట్టావు. ఇంట్లో పెద్దపిల్లలు కుస్తీకి వెళుతుంటే వాళ్ళ వెంటపడి వెళ్ళావు. అక్క చిహారు ఎక్కిన మ్యాట్ నువ్వూ ఎక్కావు.

నువ్వు పుట్టేనాటికి ఆడవాళ్ళ కుస్తీకి ప్రపంచ పోటీయే లేదు. మొదటిది 1987లో నార్వేలో జరిగింది. ఒలింపిక్స్ లోపలికి రానిచ్చింది 2004లో. నువ్వూ నీ దారీ ఒక ఈడువాళ్ళు; కలిసే పెరిగారు.

2002లో గ్రీస్‌లో, 18 ఏళ్ళకు, మొదటిసారి ప్రపంచ విజేతవయ్యావు. 2015లో లాస్‌వేగాస్‌లో పదోసారి. ఏథెన్స్, బీజింగ్, లండన్, రియో: నాలుగు ఒలింపిక్స్, నాలుగు స్వర్ణాలు. ఏ ఆటలోనైనా సరే, వ్యక్తిగత విభాగంలో వరసగా నాలుగు ఒలింపిక్స్ గెలిచిన మొదటి ఆడమనిషివి నువ్వు. కుస్తీలో నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు అందుకున్నవాళ్ళు నీకు ముందు మగవాళ్ళలోనూ లేరు.

లెక్క అప్పజెప్పాను. ఇక ఆపాదమస్తకం.

మొదట నీ పాదాలకు.

అరికాళ్ళు పైకి లేవవు. మ్యాట్‌ను రాసుకుంటూ జరుగుతాయి. గ్రీకో రోమన్ కుస్తీలో నడుం కింద చెయ్యి వేయకూడదు. ఫ్రీస్టయిల్లో మడమ దగ్గర్నుంచి మెడ దాకా చేతికి దొరికిందంతా పట్టే. అందుకే ఇక్కడ కాలే ప్రాణం, కాలే ఎర. ముందుకు వేసిన నీ కాలు ఎదుటి మనిషికి ఆశ పెడుతుంది. ఆ ఆశ మీదికి ఆమె వంగేసరికి కాలు అక్కడుండదు, ఆమె తల మాత్రం కిందికి వంగి ఉంటుంది. తొమ్మిది మీటర్ల వృత్తంలో నువ్వు వెనకడుగు వేసినట్టు కనిపించిన చోటల్లా ఎవరో ఒకరు నీ లెక్కలోకి నడిచి వచ్చారు.

లండన్‌లో పోటీకి కొద్ది రోజుల ముందు, సాధనలో, ఎడమ చీలమండ లిగమెంట్ దెబ్బతింది. కాళ్ళ మీద నడిచే ఆటలో ఒక కాలు తగ్గింది. ఆ కాలితోనే బరిలోకి దిగి, ఫైనల్లో చైనా అమ్మాయి జింగ్ రుయ్‌షుయేను ఓడించి మూడో స్వర్ణం మెళ్ళో వేసుకున్నావు. నొప్పి ఎంతన్నది నీకు, నీకు కట్టు కట్టిన చేతులకు తెలియాలి. మ్యాట్‌కు తెలియనివ్వలేదు.

నీ నడుముకు.

నీ కాలంలోనే సావోరి యోషిదా ఉంది. నువ్వు చదివిన విశ్వవిద్యాలయంలోనే చదివింది. 13 ప్రపంచ టైటిళ్ళు, మూడు ఒలింపిక్ స్వర్ణాలు. ఆమె కాళ్ళ మీదికి దూకితే చూసేవాళ్ళు కనురెప్ప వేయడానికి భయపడేవాళ్ళు. జపాన్ ఆమెను టీవీల్లో, ప్రకటనల్లో గుండెకు హత్తుకుంది. నువ్వు ఆ వెలుగుకు కాస్త పక్కగా నిలబడ్డావు. ఆమెది దూకే విద్య అయితే నీది దూకనివ్వని విద్య. ఎవరైనా నీ కాళ్ళకు గురిపెట్టి వస్తే రెండు కాళ్ళూ వెనక్కి విసిరేస్తావు; నడుం బరువంతా వాళ్ళ మెడ మీదా వీపు మీదా దిగుతుంది. తలుపుకు గడియ పడినట్టు ఆట మూసుకుపోతుంది. ఆ తర్వాత తొందర లేదు. ఒక చెయ్యి సందు వెతుకుతుంది, ఒక భుజం పక్కకు జరుగుతుంది, చూస్తుండగానే నువ్వు ఆమె వెనక ఉంటావు. రెఫరీ రెండు వేళ్ళు ఎత్తుతాడు.

దూకేవాళ్ళను చూసి చప్పట్లు కొట్టడం తేలిక. పాయింటు ఇవ్వకుండా ఉండడాన్ని చూసి మురిసిపోవాలంటే కుస్తీ కొంచెం తెలియాలి. నిన్ను చూశాక ఎందరికో కొంచెం తెలిసింది.

నీ కళ్ళకు.

ఏథెన్స్‌లో ఆడవాళ్ళ కుస్తీకి మొట్టమొదటి ఒలింపిక్స్. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ స్వర్ణంతో ఇంటికి రావాలని మీ ఇద్దరి కోరిక. 48 కిలోల ఫైనల్లో అక్క ఉక్రెయిన్ మల్లయోధురాలు ఇరిని మెర్లెని చేతిలో ఓడింది. ఆమె రజతం చూసిన కళ్ళతోనే నువ్వు 63 కిలోల ఫైనల్‌కు వెళ్ళి, అమెరికా అమ్మాయి సారా మెక్‌మన్ మీద 3-2తో గెలిచావు. నాలుగేళ్ళ తర్వాత బీజింగ్. అక్కకు మళ్ళీ రజతమే. ఈసారి ఓడించింది కెనడాకు చెందిన కారల్ హ్యూన్. నీకు మళ్ళీ స్వర్ణమే. రెండుసార్లూ ఇంటికి రెండేసి పతకాలు వచ్చాయి, అనుకున్నట్టు మాత్రం రాలేదు.

అక్కతో కలిసి గెలవాలన్నదే నిన్ను నడిపిన కోరిక. అది తీరే వీల్లేదని తేలాక బరి దిగి, అక్కతో పాటు కెనడా వెళ్ళావు. చాలామంది కథ అక్కడ ముగుస్తుంది. రెండు ఒలింపిక్ స్వర్ణాలు ఏ జీవితానికైనా సరిపోతాయి.

నీ చేతులకు.

తిరిగి వచ్చిన మనిషి వేరు. నువ్వు టోక్యో చేరి మగవాళ్ళతో సాధన మొదలుపెట్టావు. ఏథెన్స్‌లో పురుషుల కాంస్యం గెలిచిన చికారా తనాబే నీకు పట్లు చెప్పాడు. అప్పటిదాకా ఒంటికి తెలిసిన విద్య అప్పుడు బుద్ధికి తెలియడం మొదలైంది. ఏ వేలు ముందు బిగించాలి, మణికట్టు ఎటు తిప్పితే ఎదుటివాడి మోచెయ్యి లేస్తుంది, మోచెయ్యి లేస్తే ఏ కాలు బరువు మోస్తుంది, ఏ కాలు తేలికవుతుంది. ప్రపంచ విజేతవు పోయి వరసలో చివర నిలబడ్డావు. నీకంటే బరువూ బలమూ ఉన్నవాళ్ళు నిన్ను రోజూ కింద పడేశారు. పడి లేచి, ఎందుకు పడ్డానని అడిగావు. అడిగిన దానికి జవాబు దొరికితే ఆ రోజు నీకు పండగ.

నేను నీకు దండకం కట్టడానికి అసలు కారణం ఇదే, కావోరీ. గెలుపు నీకు చేతనైన పని, నేర్చుకోవడం నీకిష్టమైన పని. చేతనైనదాన్ని పట్టుకుని ఊరేగేవాళ్ళు లోకంలో కొల్లలు. నువ్వు పోటీలు గెలిచి కూడా నీ కుస్తీ నచ్చలేదని ముఖం ముడుచుకున్నావు. పతకం మెళ్ళో వేస్తున్నప్పుడు కూడా తప్పిన పట్టు గురించి ఆలోచించే మనిషిని ఓడించడం ఎలాగో అవతలివాళ్ళకు తెలియలేదు. వాళ్ళు నీ మీద గెలవాలని వచ్చేవాళ్ళు. నువ్వు పోల్చుకునేది నిన్నటి కావోరీతో.

ఆట నియమాలు నీ కాళ్ళ కిందే మారాయి. ఏథెన్స్‌లో మూడేసి నిమిషాల రెండు భాగాలు, పాయింట్లన్నీ కలిపి లెక్క. బీజింగ్, లండన్‌లకు వచ్చేసరికి రెండేసి నిమిషాల మూడు భాగాలు, ఏ భాగానికి ఆ భాగం గెలవాలి. 2013లో మళ్ళీ పాత పద్ధతి, కొత్త లెక్కలు. అదే ఏడాది కుస్తీనే ఒలింపిక్స్‌లోంచి తీసేయాలని ఫిబ్రవరిలో సిఫారసు వచ్చింది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టాక సెప్టెంబరులో మళ్ళీ చోటు దొరికింది. ఆ తర్వాత బరువు తరగతులూ మారాయి. 63 కిలోల నుంచి 58కి దిగావు. పద్ధతి ఏదైనా, తూకం ఎంతైనా, చివర్లో రెఫరీ పైకెత్తిన చెయ్యి నీదే.

నీ చెవులకు.

కుస్తీ పట్టేవాళ్ళ చెవులు రాపిడికి నలిగి, వాచి, గట్టిపడిపోతాయి. ఆడపిల్ల చెవులు అందానికేనని నమ్మే దేశాలు చాలా ఉన్నాయి, మాది అందులో మొదటి వరసలోనే ఉంటుంది. నీ చెవుల్లో పడిన మాట మీ అమ్మ తోషిది: చచ్చినా సరే గెలిచి రా. మా పల్నాటి కథల్లోని తల్లులు విన్నా, ఇది మా ఇంటి మాటేనని ఒప్పుకునేవాళ్ళు. 2014లో అమ్మ పోయింది. మాట పోలేదు.

నీ వెన్నుకు.

2003 నుంచి 189 కుస్తీలు వరసగా గెలిచావు. పదమూడో ఏట, 2016 జనవరిలో, రష్యాలోని క్రాస్నోయార్స్క్‌లో, మంగోలియా అమ్మాయి పూరెవ్‌దోర్జ్ ఒర్ఖోన్ నీ ఎదుట నిలబడింది. పది పాయింట్ల తేడా వస్తే ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది. 0-10. ఆగిపోయింది. ఎన్నేళ్ళుగానో ఇతరులకు నువ్వు రుచి చూపించిన లెక్క నీకే తిరిగి వచ్చింది. ఒలింపిక్స్‌కు ఇంకా ఏడు నెలలైనా లేవు. వయసు 32కు దగ్గరపడింది. నీ పని అయిపోయిందన్నవాళ్ళను తప్పుపట్టలేం. వాళ్ళకు తెలిసింది స్కోరు ఒక్కటే. నీకు కొత్త పాఠం దొరికిందని వాళ్ళకెలా తెలుస్తుంది?

ఇక నీ ఊపిరికి.

రియో, 2016 ఆగస్టు 17. ఫైనల్లో రష్యా మల్లయోధురాలు వలేరియా కొబ్లోవా. మొదటి పాయింట్ నీది, తర్వాతి రెండూ ఆమెవి. 2-1. ఆమెకు పట్టు వేయాల్సిన అవసరం లేదు, జారిపోతే చాలు. నిమిషం తర్వాత నిమిషం జారిపోయింది. గడియారం ఆఖరి పది సెకన్లలోకి దిగింది. అప్పటికి నీ ఒంట్లో మిగిలింది బలమా, అలవాటా, అమ్మ మాటా? పెనుగులాటలో జానెడు సందు దొరికింది. తిరిగావు. వెనక్కి చేరావు. రెండు పాయింట్లు. 3-2. ఏథెన్స్‌లో మొదటి స్వర్ణం ఏ లెక్కతో వచ్చిందో, పన్నెండేళ్ళ తర్వాత నాలుగోది అదే లెక్కతో వచ్చింది. చివర్లో అమ్మే ఆదుకుందనుకుంటున్నానని ఆ తర్వాత అన్నావు. మర్నాడు నాలుగో స్వర్ణం కోసమే దిగిన యోషిదా, అమెరికా అమ్మాయి హెలెన్ మరూలిస్ చేతిలో ఓడి మ్యాట్ మీదే ఏడ్చింది. ఆ రెండు రోజులూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది, నువ్వు ఎంత సన్నని అంచు మీద నడిచి వచ్చావో.

నువ్వు గెలిచిన రాత్రే, అదే 58 కిలోల పోటీలో, మా దేశపు పిల్ల ఒకతి నీ పక్కన పతకాల మెట్టెక్కింది. సాక్షి మలిక్, హర్యానా. క్వార్టర్ ఫైనల్లో కొబ్లోవా చేతిలో ఓడింది. ఆ కొబ్లోవా నీతో ఫైనల్‌కు చేరడం వల్లే సాక్షికి రెపిషాజ్‌లో ఇంకో అవకాశం వచ్చింది. అందులో 12-3తో ఆమె ఓడించింది ఎవరిననుకున్నావు? జనవరిలో నిన్ను పడగొట్టిన ఒర్ఖోన్‌నే. ఆపైన కాంస్యం కోసం కిర్గిజ్‌స్తాన్ అమ్మాయి ఐసులూ తినిబెకోవాతో 0-5 నుంచి లేచి 8-5తో గెలిచింది. కుస్తీలో భారత మహిళకు అది మొదటి ఒలింపిక్ పతకం.

ఇక్కడ అప్పటికి తెల్లవారుజాము, ఆ రోజు రాఖీ పున్నమి. తెలుగువాళ్ళం ఆ సాయంత్రం పి.వి. సింధు బ్యాడ్మింటన్ సెమీఫైనల్ కోసం టీవీల ముందు చేరాం. అవతల నిలబడింది మీ దేశపు పిల్ల నొజోమి ఒకుహారా. సింధు గెలిచింది, ఊళ్ళు కేకలు పెట్టాయి. ఆ సంబరంలో నీ పది సెకన్లు మా కంట పడలేదు. ఆలస్యమైనా బాకీ బాకీయే, ఇవాళ తీర్చుకుంటున్నాను.

పతకాల మెట్టు మీద నిలబడిన నీకూ సాక్షికీ తర్వాతి కుస్తీ మ్యాట్ బయటే ఎదురైంది. నీ సాధనకు పెద్దలే అడ్డుపడ్డారని 2018లో ఫిర్యాదు వచ్చింది. విచారణలో వేధింపు నిజమని తేలి, జపాన్ కుస్తీ సమాఖ్యలో శిక్షణ బాధ్యతలు చూసే పెద్దమనిషి పదవి వదిలాడు. 2023లో సాక్షి తోటి మల్లయోధులతో కలిసి ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర రోడ్డు మీద ధర్నాకు కూర్చుంది. ఆ ఏడాది చివర బూట్లు విప్పి విలేకరుల ముందు బల్ల మీద పెట్టి, ఇక ఆడనంది. ఆరు నిమిషాల పోరుకు గంట ఉంటుంది, రెఫరీ ఉంటాడు. ఈ పోరుకు అవేవీ ఉండవు. ఆడపిల్ల ఉడుంపట్టు నేర్చుకోవాల్సింది పతకాల కోసమేనని ఇంకా ఎవరైనా అనుకుంటే, వాళ్ళకు మీ ఇద్దరినీ చూపించాలి.

ఇక నీ ఓటమికి. దీనికి దండం పెట్టకుండా దండకం పూర్తి కాదు.

రిసాకో కవాయి నీకంటే పదేళ్ళు చిన్నది. రియోకు ముందు 58 కిలోల్లో నువ్వున్నావు. నిన్ను దాటే దారి లేక బరువు పెంచుకుని 63కు వెళ్ళి, అక్కడ స్వర్ణం గెలిచింది. తర్వాత నువ్వు రెండేళ్ళు ఆగి తిరిగి వచ్చావు. ఈసారి ఆమె పక్కకు తప్పుకోలేదు. 2018 డిసెంబరులో జాతీయ పోటీ ఫైనల్లో నువ్వు 3-2తో గెలిచావు. మరుసటి ఏడాది జూన్‌లో ఆమె గెలిచింది. టోక్యో ఒలింపిక్స్ దారి ఒక్కరికే. 2019 జూలైలో సైతామాలోని వాకో పట్నంలో తేల్చుకున్నారు. ఆరు నిమిషాలూ అయ్యాయి. 3-3. సమానంగా నిలిచినప్పుడు ఎవరో ఒకరిని నియమం ఎంచాలి, కవాయిని ఎంచింది. 35 ఏళ్ళ నీకూ ఆమెకూ మధ్య పాయింట్ల బల్ల మీద తేడా సున్నా.

రెండేళ్ళ తర్వాత టోక్యోలో ఏం జరిగిందో నీకు తెలుసు, అయినా దండకంలో ఉండాలి కాబట్టి చెబుతాను. కవాయి చెల్లెలు యుకాకో 62 కిలోల ఫైనల్లో తినిబెకోవాను ఓడించి స్వర్ణం గెలిచింది. మర్నాడు అక్క రిసాకో 57 కిలోల స్వర్ణం గెలిచింది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకే ఒలింపిక్స్‌లో స్వర్ణం! ఏథెన్స్‌లో ఒకసారి, బీజింగ్‌లో ఒకసారి హచినోహె ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిన కోరిక అది. తీర్చుకున్నది నీ ఇంటివాళ్ళు కాదు. అయితేనేం, నీ దగ్గర ఓడి, నిన్ను తప్పుకుని తిరిగి, చివరికి నీకు ఎదురు నిలిచి గెలిచిన పిల్లే. నీ పట్టు విడిపించుకోగలిగినంత బలం ఆమెకు వచ్చిందంటే అందులో సగం నువ్వు పట్టి ఉంచడం వల్లే వచ్చింది.

ఫలశ్రుతి చెప్పకుండా స్తోత్రం ముగించకూడదంటారు పెద్దలు. చెబుతాను.

ఇది చదివినవాళ్ళకు పతకం రాదు. కండ పెరగదు. ఓడుతున్న వేళ గడియారం వంక చూస్తే, ఇంకా పది సెకన్లున్నాయి, ఒక పట్టుకు చాలు అన్న లెక్క గుర్తొస్తుంది. గెలిచిన రాత్రి నిద్ర కొంచెం తగ్గుతుంది. ఎక్కడో తప్పిన పట్టు ఒకటి కళ్ళ ముందు మెదిలి, తెల్లారేసరికి మళ్ళీ సాధనకు లేపుతుంది. తమను మించిన శిష్యులో, శత్రువులో ఎదురైతే ఏడుపు రాదు, వచ్చినా ఎక్కువసేపు నిలవదు. ఆడపిల్లలున్న ఇంట్లో గట్టిగా చదివితే, పిల్ల కుస్తీకి వెళతానన్న రోజున ‘చెవులు పాడైపోతాయే, రేపు నిన్నెవరు చేసుకుంటారే’ అని ఎవరూ అనరు.

అన్నా, పిల్ల వినదు.